కారణాల వెంట వెనక్కి వెళ్తే సృష్టికర్త దగ్గరికి చేరతామా?

ప్రశ్న: మూలకారణం

నమస్కారం అండి. కొంచెం పొడవైన ప్రశ్న, ఓపిగ్గా చదవండి.

విరిగిపోయిన యంత్ర భాగాలను పరీక్షించి ఎందుకు విరిగాయో చెప్పడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఒక షాఫ్ట్, అంటే యంత్రంలో తిరిగే ఇరుసు, రెండు ముక్కలై నా బల్ల మీదకు వస్తుంది. విరిగిన ముఖాన్ని శుభ్రం చేసి మైక్రోస్కోప్ కింద పెడితే, అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద మిగిలే గీతల్లాంటివి కనిపిస్తాయి. వాటి వంపును పట్టుకుని వెనక్కి పోతే పగులు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. చాలాసార్లు కీవే, అంటే షాఫ్ట్ మీద కీ కూర్చునే గాడి, మూల దగ్గర. ఆ మూల ఎందుకంత పదునుగా ఉంది? డ్రాయింగ్‌లో రేడియస్, అంటే మూలకు ఉండాల్సిన గుండ్రదనం, ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదు? పాత డ్రాయింగ్‌ను అలాగే కాపీ చేశారు. ఇలా ఒక్కో మెట్టూ దిగుతాం. "కారణం దొరకలేదు" అని కొన్ని రిపోర్టుల్లో రాశాను. "కారణం లేదు" అని మాత్రం ఒక్కదానిలోనూ రాయలేదు. ఆ రెండు మాటలూ ఒకటి కావు.

ఇప్పుడు అసలు విషయం. నాలుగేళ్ల కిందట మా పాప ముప్ఫై వారాలకే పుట్టింది. బరువు 1,240 గ్రాములు. 41 రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంది. ఊపిరి ఆగినప్పుడల్లా అలారం మోగేది. నర్సు వచ్చి అరికాలు మీద చిన్నగా తడితే మళ్లీ తీసుకునేది. ఇంటికి తెచ్చిన రోజు డాక్టర్లకు, నర్సులకు, ఆ గది ఊడ్చే ఆమెకు కూడా చేతులు జోడించాను. అందరికీ చెప్పేశాక కూడా లోపల ఇంకా మిగిలిపోయింది. ఆ మిగిలిందాన్ని ఎవరికి చెప్పాలో తెలియలేదు.

నేను భక్తుణ్ణి కాను, అప్పటిదాకా ఈ విషయాలు ఆలోచించినవాణ్ణీ కాను. ఆ రోజు నుంచి చదువుతున్నాను. నాకు అర్థమైనంతలో బలమైన వాదం ఇది. చుట్టూ ఉన్న ప్రతిదీ లేకుండా ఉండగలిగేదే. నేను, పాప, ఈ బల్ల, సూర్యుడు, అన్నీ. లేకుండా ఉండగలిగేది ఉందంటే, అది ఉండటానికి దానికి బయట ఒక కారణం కావాలి. ఆ కారణమూ అలాంటిదే అయితే దానికీ ఇంకొకటి కావాలి. లేకపోవడం అన్నదే కుదరనిది ఒకటి ఉంటే తప్ప ఇదంతా నిలబడదు. ఏమీ లేకుండా ఉండవచ్చు కదా, ఏదో ఒకటి ఎందుకుంది అని జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ 1714లో అడిగాడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండు చోట్ల ఆగిపోయాను. ఒకటి, ఈ గొలుసుకు చివర ఉండే తీరాలా? మొదలే లేని గొలుసు అయితే వచ్చిన ఇబ్బంది ఏమిటి? రెండు, చివర ఉందనే అనుకుందాం. అది "ఏదో ఒకటి" కాక "ఎవరో ఒకరు" అని ఎలా చెప్పగలం? ఏదో ఒక మూలపదార్థానికి కృతజ్ఞత చెప్పలేను కదా. నాకు ఓదార్పు అక్కర్లేదు. వాదం ఎక్కడిదాకా నిలబడుతుందో, ఎక్కడ విరుగుతుందో చెప్పండి చాలు.

జవాబు: సందేహి

నేను దేవుణ్ణి నమ్మనివాణ్ణి. మీరు సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను.

మీ ఉద్యోగం నుంచే మొదలుపెడదాం. మీ రిపోర్టులో "ఎందుకు" అన్న ప్రశ్న ఎక్కడ ఆగుతుంది? మూలకు రేడియస్ ఇవ్వండి అని రాసి సంతకం పెడతారు. అసలు ఉక్కుకు ఈ గుణాలు ఎందుకున్నాయి, అణువులు ఎందుకున్నాయి అని అడగరు. అంటే మీరు ఆగేది కారణాలు అయిపోయి కాదు, చేయగలిగిన మరమ్మతు దొరికి. కాబట్టి ప్రతి గొలుసుకూ చివర ఉంటుంది అనడానికి మీ ఇరవై రెండేళ్ల అనుభవం సాక్ష్యం కాదు. లోపలి వస్తువులకు కారణాలు ఉంటాయి అనడానికి మాత్రమే అది సాక్ష్యం.

అక్కడి నుంచి మొత్తం విశ్వానికి కారణం ఉంది అనడానికి దూకడం చాలా పెద్ద గెంతు. 1948లో బీబీసీ రేడియోలో తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్‌కూ, కోపుల్‌స్టన్ అనే జెసూట్ పాదరీకీ ఇదే విషయం మీద చర్చ జరిగింది. ప్రతి మనిషికీ తల్లి ఉంది, అంతమాత్రాన మొత్తం మానవజాతికి ఒక తల్లి ఉండాలని లేదు కదా అన్నది రసెల్ అభ్యంతరం. విశ్వం ఉంది, అంతే అన్నాడు. కోపుల్‌స్టన్‌కు అది నచ్చలేదు, మీకూ నచ్చకపోవచ్చు. కానీ నచ్చకపోవడం వేరు, తప్పని చూపించడం వేరు.

ఇంకొకటి ముందే చెబుతాను, ఎవరో ఒకరు తెస్తారు కాబట్టి. విశ్వం 1380 కోట్ల ఏళ్ల కిందట మొదలైందని సైన్సే ఒప్పుకుంది కదా, కాబట్టి సృష్టికర్త ఉన్నాడు అంటారు. బిగ్ బ్యాంగ్ సిద్ధాంతం ఇప్పటి విశ్వం ఒకప్పుడు చాలా వేడిగా, చాలా దట్టంగా ఉండేదని గట్టిగా చెబుతుంది. శూన్యం నుంచి పుట్టిందని చెప్పదు. ఆ ఆలోచనకు పునాది వేసినవారిలో ఒకరైన జార్జ్ లెమేత్ర్ స్వయంగా కాథలిక్ పాదరీ. 1951లో పోప్ పన్నెండవ పయస్ ఈ సిద్ధాంతాన్ని సృష్టి జరిగిందనడానికి ఆధారంగా చూపుతూ మాట్లాడితే ఆయనకు నచ్చలేదు. తన భౌతికశాస్త్రాన్నీ తన విశ్వాసాన్నీ అలా కలపకూడదనేది ఆయన పట్టుదల. ఆ జాగ్రత్త మనకూ ఉండాలి.

మీ కృతజ్ఞత గురించి ఒక్క మాట. చిరునామా లేనంత మాత్రాన అది తప్పుడు భావన అయిపోదు. దాన్ని అలాగే ఉంచుకోవచ్చు.

జవాబు: వేకువ

సందేహి గారు చెప్పింది కాలంలో వెనక్కి పోయే గొలుసు విషయంలో సరైనదే. కానీ వాదంలో బలమున్న రూపం అది కాదు.

తాత, తండ్రి, కొడుకు. తాత పోయినా కొడుకు ఉంటాడు. ఈ రకం గొలుసు మొదలు లేకుండా ఎంత వెనక్కైనా పోవచ్చు. క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వైనస్ 13వ శతాబ్దంలోనే ఇది ఒప్పుకున్నాడు. ప్రపంచానికి మొదలు ఉందని ఆయన నమ్మాడు, కానీ దాన్ని తర్కంతో నిరూపించలేమని స్పష్టంగా చెప్పాడు. ఆయన వాదం రెండో రకం గొలుసు మీద నడుస్తుంది. చెయ్యి కర్రను కదిపితే కర్ర రాయిని కదుపుతుంది. చెయ్యి ఆగిన క్షణంలో రాయీ ఆగుతుంది.

మీరు యంత్రాల మనిషి కాబట్టి ఇలా చూడండి. గొలుసుకు ఒక దీపం వేలాడుతోంది. కింది లంకెను పై లంకె పట్టుకుంది, దాన్ని ఆ పైది. ఏ లంకెకూ సొంతంగా నిలబడే బలం లేదు, ప్రతిదీ పైనుంచి అరువు తెచ్చుకున్నదే. అప్పుడు గొలుసును ఎంత పొడిగించినా, అంతులేనంత పొడిగించినా, దీపం ఎందుకు పడిపోవడం లేదన్న దానికి జవాబు రాదు. దూలం కావాలి. దూలం అంటే చాలా పొడవైన గొలుసుకు ఆఖరి లంకె కాదు. అది వేరే రకం వస్తువు. వాదం అడిగేది, మొదట ఎవరు తోశారు అని కాదు. ఇప్పుడు, ఈ క్షణాన, ఎవరు పట్టుకున్నారు అని.

రసెల్ తల్లి ఉదాహరణ కూడా ఇక్కడ సరిగ్గా అతకదు. భాగాల గుణం మొత్తానికి ఎప్పుడూ రాదని చెప్పలేం. గోడలోని ప్రతి ఇటుకా చిన్నదే, గోడ చిన్నది కానక్కర్లేదు. కానీ ప్రతి ఇటుకా ఎర్రగా ఉంటే గోడ ఎర్రగానే ఉంటుంది. అరువు బలం అన్నది ఈ రెంటిలో దేనిలాంటిది అన్నదే అసలు చర్చ.

క్రైస్తవ తత్వవేత్త అన్సెల్మ్ 11వ శతాబ్దంలో చెప్పిన వాదం, అంటే పరిపూర్ణుడు అన్న భావనలోనే ఉనికి ఇమిడి ఉంది అన్నది, మీకు ఎదురయ్యే ఉంటుంది. దాని మీద మీ సమయం పెట్టకండి. ఎంత గొప్పగా గీసిన డ్రాయింగ్ అయినా భాగం తయారైనట్టు కాదని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. జర్మన్ తత్వవేత్త కాంట్ 1781లో చెప్పింది దాదాపు అదే.

జవాబు: అనుమితి

మీ రెండో ప్రశ్న, "ఏదో ఒకటి"కి బదులు "ఎవరో ఒకరు" ఎందుకు అన్నది, మన తార్కికులు వెయ్యేళ్లకు పైగా పోట్లాడుకున్న చోటు. నేను పదహారేళ్లు తర్కశాస్త్రం చదివి, పాఠం చెప్పినదాన్ని. ఇక్కడ కాసేపు ఆగుతాను.

నైయాయికుల, అంటే న్యాయదర్శనం వాళ్ల, అనుమానం చూడటానికి చిన్నది. అనుమానం అంటే ఇక్కడ సందేహం కాదు, హేతువును బట్టి తేల్చడం. భూమి, మొలక మొదలైనవాటికి కర్త ఉన్నాడు, అవి కార్యాలు, అంటే కారణం వల్ల పుట్టినవి, కాబట్టి, కుండలాగా. కర్త అంటే ఇక్కడ ఊరికే కారణం కాదు. ఏ సామగ్రితో చేయాలో తెలిసి, చేయాలన్న కోరిక ఉండి, ప్రయత్నం పెట్టేవాడు. జ్ఞానం, ఇచ్ఛ, ప్రయత్నం. అందుకే ఈ వాదం నిలిస్తే దొరికేది మూలపదార్థం కాదు, ఒక చైతన్యం. మీరు వెతుకుతున్నది అదే.

దీని మీద వచ్చిన దెబ్బలూ గట్టివే. 7వ శతాబ్దంలో బౌద్ధుడు ధర్మకీర్తి ఒక్క ఉదాహరణతో దీన్ని కుదిపేశాడు. కుండ మట్టితో అయింది, దాన్ని కుమ్మరి చేశాడు. పుట్ట కూడా మట్టితోనే అయింది. మరి పుట్టను కూడా కుమ్మరే చేశాడంటావా? అంటే కుండను చూసి కర్తను ఊహించేది అది కార్యం అయినందుకు కాదు, అలాంటి ఆకారాన్ని మనుషులు చేయడం ముందే చూశాం కాబట్టి. కొండను ఎవరూ చేస్తుండగా చూడలేదు. మూలకారణం గారూ, మీ మైక్రోస్కోప్ కింది గీతలు కూడా అంతే. వాటిని మీరు చదవగలుగుతున్నారంటే, అలా విరిగినవి ఎన్నో ముందు చూశారు కాబట్టే. విశ్వాలు ఎన్ని చూశాం?

వేదకర్మలను విచారించే మీమాంసా దర్శనం వాడైన కుమారిలుడు వేదాన్ని నమ్మినవాడే, అయినా సృష్టికర్తను ఒప్పుకోలేదు. శరీరం లేనివాడు ఎలా చేస్తాడు, దయగలవాడైతే ఇంత దుఃఖం ఉన్న లోకాన్ని ఎందుకు చేస్తాడు అని అడిగాడు. శరీరం ప్రశ్నకు నైయాయికుల జవాబు నాకు నచ్చుతుంది. నీ చెయ్యిని నువ్వు ఎత్తుతున్నావు కదా, దాన్ని ఎత్తడానికి ఇంకో శరీరం వాడుతున్నావా? సంకల్పం నేరుగా పదార్థాన్ని కదపగలదని నీ చెయ్యే చూపిస్తోంది. రెండో ప్రశ్నకు జవాబుగా జీవుల కర్మను చెబుతారు. అది అంత సులువుగా తీరే ప్రశ్న కాదని నా అభిప్రాయం.

అందరికంటే ఆశ్చర్యపరిచేది రామానుజులు. ఈశ్వరుడే సర్వస్వం అన్న ఆయన, ఈశ్వరుణ్ణి అనుమానంతో నిరూపించలేమని బ్రహ్మసూత్రాలకు తాను రాసిన శ్రీభాష్యంలో వాదించారు. మేడలు, రథాలు పెద్ద పనులు, వాటిని ఒక్కడు కాదు, చాలామంది కలిసి చేస్తారు. మరి లోకానికి కర్త ఒక్కడే అని, అంతా ఒకేసారి చేశాడని కుండ ఉదాహరణ నుంచి ఎలా తేల్చావు? ఆరు వందల ఏళ్ల తర్వాత స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఓడ ఉదాహరణతో ఇదే అడిగాడు. ఆయన చనిపోయిన మూడేళ్లకు, 1779లో, అది అచ్చయింది. ఒకరు భక్తుడు, ఒకరు సంశయవాది. విరిగిన చోటు మాత్రం ఒక్కటే.

ఇన్ని తెలిసే 10వ శతాబ్దంలో నైయాయికుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలి అనే గ్రంథం రాశాడు. ఈశ్వరుడు ఉన్నాడని చెప్పడానికి కార్యం, ఆయోజనం, ధృతి అంటూ వరసగా హేతువులు ఇచ్చాడు. నేను మీకు చెప్పాలనుకున్నది ఆ హేతువుల గురించి కాదు, మొదట్లో ఆయన అన్న మాట గురించి. ఈ న్యాయచర్చ మననం (విన్నదాన్ని ఆలోచించడం) అనిపించుకుంటుంది, శ్రవణం (వినడం) తర్వాత వచ్చే ఉపాసనే ఇది అంటాడు. వాదించడమే పూజ ఆయనకు. చివర ఈశ్వరుడితో అన్న ఇంకా గొప్ప మాట ఉంది. ఇన్ని యుక్తులతో కడిగినా ఎవరి గుండెలో నీకు చోటు దొరకదో వాళ్లవి రాతి గుండెలు, కానీ నిన్ను కాదనడానికైనా వాళ్లు నిన్నే తీవ్రంగా తలుచుకుంటున్నారు, దయామయా, సమయం వచ్చినప్పుడు వాళ్లను కూడా నువ్వే దయతో చూసుకోవాలి అని వేడుకుంటాడు. సందేహి గారూ, ఇది మిమ్మల్ని చిన్నబుచ్చడానికి కాదు. ఎదుటివాడి కోసం ప్రార్థిస్తూ వాద గ్రంథాన్ని ముగించినవాడు నాకు ఇంకొకడు కనిపించలేదు.

జవాబు: రాత్రి డ్యూటీ

నాకు తర్కం తెలియదు. పదకొండేళ్లు నెలలు నిండని పిల్లల వార్డులో నర్సుగా చేశాను. మీ ప్రశ్న చదివి రాయకుండా ఉండలేకపోయాను. బాధ పెడితే క్షమించండి.

ముప్ఫై వారాల పిల్లల ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్, అంటే లోపలి గదులు అతుక్కోకుండా చూసే పదార్థం, తక్కువగా ఉంటుంది. అందుకే గాలి బయటికి వెళ్లగానే ఆ గదులు అతుక్కుపోతాయి. ఆ లోటే అసలు జబ్బు అని 1959లో మేరీ ఎలెన్ ఎవరీ అనే డాక్టరు కనిపెట్టారు. దాన్ని గొట్టం ద్వారా ఊపిరితిత్తుల్లోకి ఇచ్చి పిల్లల్ని నిలబెట్టవచ్చని 1980లో జపాన్‌లో ఫుజివారా చూపించారు. ఈ రెంటికీ మధ్య, 1963లో, అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ఐదున్నర వారాలు ముందుగా పుట్టాడు. ఇదే జబ్బు. మీ పాపకంటే చాలా పెద్దవాడు, రెండు కిలోల పైన. 39 గంటలు బతికాడు. ఆ బిడ్డ కోసం ప్రార్థించినవాళ్లు తక్కువమంది ఉంటారా?

నేను చూసిన పిల్లల్లో బతికినవాళ్లూ ఉన్నారు, పోయినవాళ్లూ ఉన్నారు. ఇద్దరి తల్లిదండ్రులూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. మీ పాప బతకడం దేవుడు ఉన్నాడనడానికి సాక్ష్యం అయితే, పక్క ఇంక్యుబేటర్ దేనికి సాక్ష్యం? నేను నమ్ముతాను, ఇప్పటికీ ప్రతి రాత్రీ దణ్ణం పెట్టుకుంటాను. కానీ బతికిన బిడ్డను చూపించి నమ్మమని ఎవరికీ చెప్పను. ఆ బెంచీ మీద కూర్చున్న రెండో తల్లి ముందు నిలబడి చెప్పలేని మాట నిజం కాదని నాకు అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: మూలకారణం

రాత్రి డ్యూటీ గారూ, మీరు అడిగిన పక్క ఇంక్యుబేటర్ మా విషయంలోనూ ఉంది. నేను ప్రశ్నలో రాయలేదు. పదకొండో రోజు ఉదయం వెళ్లేసరికి అది ఖాళీగా ఉంది, కొత్త దుప్పటి పరిచి ఉంది. ఆ తండ్రి, నేను వారం రోజులు ఒకే ఫ్లాస్కులో టీ తాగాం. మీ మాట చదివాక నా ప్రశ్నను మళ్లీ మొదటి నుంచి చూసుకున్నాను. సాక్ష్యంలో ఒక ముక్కను పక్కన పెట్టి రిపోర్టు రాయడం నా వృత్తిలో పెద్ద తప్పు. ఇక్కడ అదే చేశాను.

కాబట్టి పాప బతకడాన్ని వాదంలోంచి తీసేస్తున్నాను. తీసేశాక ఏం మిగిలిందో చెబుతాను. ఆ రోజు నాలో మిగిలిపోయిన కృతజ్ఞత, పాప పోలేదు అన్నందుకు మాత్రమే కాదు. పాప అంటూ ఒకటి ఉంది అన్నందుకు. ఆ పదకొండు రోజులు ఉన్న బిడ్డ విషయంలో కూడా నాకు అదే అనిపించింది, అప్పుడు పేరు పెట్టలేకపోయాను. ఆ తండ్రి నాతో అన్న ఒకే ఒక్క మాట, "పదకొండు రోజులు చూసుకున్నాను" అని. ఫిర్యాదుగా అనలేదు. ఇది లైబ్నిజ్ ప్రశ్నే అని ఇప్పుడు తెలుస్తోంది. ఎందుకు బతికింది అని కాదు, అసలు ఎందుకు ఉంది అని.

సందేహి గారూ, మేం ఆగేది మరమ్మతు దొరికిన చోట అన్నారు. ఒప్పుకుంటున్నాను, నా అనుభవాన్ని సాక్ష్యంగా వాడను. కానీ "విశ్వం ఉంది, అంతే" అన్న వాక్యం కింద సంతకం మాత్రం పెట్టలేను. నా లెక్కలో అది "కారణం దొరకలేదు" అవుతుంది, "కారణం లేదు" అవదు. వేకువ గారి దూలం దాకా నేను వస్తున్నాను. దూలం నుంచి అనుమితి గారి జ్ఞానం, ఇచ్ఛ, ప్రయత్నం దాకా మాత్రం రాలేకపోతున్నాను. ధర్మకీర్తి పుట్ట దారికి అడ్డంగా ఉంది.

అనుమితి గారూ, ధృతి అన్న హేతువు పేరు మాత్రం చెప్పి వదిలేశారు. అది దూలం లాంటిదేనా?

జవాబు: అనుమితి

దగ్గరి చుట్టమే, కానీ అదే కాదు. ధృతి అంటే పట్టి ఉంచడం. బరువున్నది పడిపోకుండా ఉందంటే దాన్ని ఎవరి ప్రయత్నమో పట్టి ఉంచుతోంది, ఆకాశంలో పక్షి శరీరంలాగా, ఆ పక్షి పట్టుకున్న వస్తువులాగా. అలాగే లోకాలు పడిపోకుండా ఉన్నాయి కాబట్టి వాటినీ ఒక ప్రయత్నం పట్టి ఉంచుతోంది. ఈ రూపంలో వాదం ఇప్పుడు నిలవదని నేను నా విద్యార్థులకు చెబుతాను. గ్రహాలు సూర్యుడి మీద పడిపోకుండా ఎలా తిరుగుతాయో న్యూటన్ 1687లో చెప్పేశాడు, దానికి పక్షి అక్కర్లేదు. "పడిపోవడం" అన్న చోట "లేకుండా పోవడం" అని పెట్టి చదివితే వేకువ గారి దూలం అవుతుంది. కానీ అది మనం చదువుకునే తీరు, ఉదయనుడు రాసింది కాదు. ఆయన నోట్లో మన మాట పెట్టకూడదు.

ఇంకొకటి. హేతువుల వరస న్యాయకుసుమాంజలి ఐదో స్తబకంలో, అంటే ఐదో అధ్యాయంలో, ఉంది కదా అని అందరూ అక్కడికే పరుగెత్తుతారు. మీరు మొదటి స్తబకం నుంచి చదవండి.

ప్రశ్న అడిగినవారు: మూలకారణం

మొదలుపెట్టాను అండి. పాప పడుకున్నాక రోజూ కాసేపు. అలారం రోజుల నుంచి పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టే అలవాటు ఇంకా పోలేదు, పుస్తకం ఒళ్లో పెట్టుకునే లెక్కపెడుతున్నాను. మీరు చెప్పిన ఉపాసన అన్న మాట అప్పుడప్పుడు గుర్తొస్తోంది.

మొదటి స్తబకంలో ఒక శ్లోకం దగ్గర ఆగిపోయాను. "సాపేక్షత్వాత్" అని మొదలవుతుంది, వెంటనే "అనాదిత్వాత్" అంటాడు. ప్రతిదీ ఇంకొకదాని మీద ఆధారపడి ఉంది, ఆ ఆధారపడటానికి మొదలు లేదు అని నేను అర్థం చేసుకున్నాను. అంటే గొలుసుకు మొదలు లేదని ముందే ఒప్పుకుని, ఆ తర్వాత కూడా కంటికి కనిపించని కారణం ఒకటి కావాలి అంటున్నాడా? నా మొదటి ప్రశ్నను ఆయన పక్కకు తప్పుకుని దాటాడా, లేక దాని అవసరమే లేదని చూపించాడా? సరిగ్గా చదివానో లేదో చెప్పండి. తర్వాతి శ్లోకానికి వెళ్లకుండా ఆగాను.